చిప్పుల కంపెనీకి నేను వేసిన మార్కులు

ఫిలింనగర్‌లో మా ఆఫీసున్న గది ఒకప్పుడు డబ్బింగ్ థియేటర్. గోడలకు చిన్న చిన్న రంధ్రాలున్న చెక్క పలకలు, వాటి వెనక దూది, కింద అడుగు చప్పుడు కూడా వినిపించనివ్వని మందపాటి తివాచీ. తలుపు మూస్తే బయటి లోకం ఎక్కడో ఆగిపోయినట్టుండేది. మేం నలుగురం ఆ గదిలో కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న కంపెనీలు గాలిలోకి ఏం వదులుతున్నాయో, ఎన్ని నీళ్లు వాడుతున్నాయో, వాటి గురించి అవి చెప్పుకునే మాటల్లో ఎంత నిజముందో అంచనా వేసేవాళ్లం. ఆ కంపెనీల్లో పెట్టుబడి పెట్టాలనుకునే సంస్థలు మా అంచనా చదివి ఓ నిర్ణయానికొచ్చేవి.

అంతకుముందు నేను ఇంటర్మీడియట్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఎర్రగడ్డ దగ్గర మా కాలేజీ బ్రాంచి మూసేశారు. ఇంట్లో కూర్చున్న మూడో నెలలో ఒక ఫోనొచ్చింది.

“మేడమ్, నేను గుర్తున్ననా? ఎంపీసీ, లాస్ట్ బెంచి. బ్యూరెట్ పగలగొట్టిన.”

గుర్తులేడు. బ్యూరెట్లు పగలగొట్టినవాళ్లు చాలామంది. అయినా గుర్తున్నట్టే మాట్లాడాను. ఆ కుర్రాడు ఇంజినీరింగ్ చదివి, బయటి దేశాల్లో కొన్నాళ్లు పనిచేసి వచ్చి, ఈ సంస్థ పెట్టాడట. కెమిస్ట్రీ పుస్తకంలోంచి కాకుండా లోపల్నుంచి తెలిసిన మనిషి కావాలన్నాడు. అలా నా విద్యార్థి దగ్గర నేను ఉద్యోగంలో చేరాను. అందరి ముందూ నేనతన్ని సార్ అనేదాన్ని. అతను నన్ను మేడమ్ అనడం మాత్రం ఎవరి ముందూ మానలేదు.

మా ఇల్లు షేక్‌పేట పాత ఊళ్లో. ఫ్లైఓవర్ కింద నుంచి దాటి, ఎత్తుకు పోయే సందులు పట్టుకుంటే ఆఫీసు. పొద్దున్నే ఆ దారిలో ఎదురయ్యేవాటిని ఇంకో పేటలో చూడలేం. ఓ రోజు ట్రాలీ ఆటోలో గుడి స్తంభాలు పడుకుని వెళ్తున్నాయి. ఆటో గుంతలో పడగానే అవి దూదిపింజల్లా ఎగిరి మళ్లీ కూర్చున్నాయి. ఇంకో రోజు, ఒక ఇంటి మెట్ల మీద కిరీటం పక్కన పెట్టుకుని, విస్తరాకులో ఇడ్లీ తింటున్న ముసలి రాజు. ఎవరూ ఆగి చూడరు. నేనూ ఆగేదాన్ని కాదు. కానీ ఆఫీసులో కూర్చున్నాక కూడా ఓ అరగంట దాకా ఆ మెత్తటి మత్తు నన్ను వదిలేది కాదు. కంపెనీల నివేదికలు ఆ మత్తులోనే చదివేదాన్నేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో చిప్పుల కంపెనీ ఫైలు నా బల్ల మీదికొచ్చింది. వాళ్ల హెడ్డాఫీసు జూబ్లీహిల్స్‌లోనే. ఫ్యాక్టరీ మాత్రం వేరే రాష్ట్రంలో, ఒక పెద్ద ఊరి చివర. ఆ సాయంత్రం మా అత్తమ్మ అడిగితే, చిప్పులు చేసే కంపెనీ పని అని చెప్పాను.

“ఆలుగడ్డ చిప్సా?” అంది.

“కాదత్తమ్మా, ఫోన్లల్ల, కార్లల్ల ఉంటయి. ఇసుకతోని చేస్తరు.”

“ఇసుకతోని ఫోనా,” అని నా మొహంలోకి చూసి, నేను హాస్యమాడటం లేదని తేలాక, చిక్కుడుకాయలు ఒలుచుకోవడంలో పడింది.

ఆ కంపెనీ నివేదిక లాంటిది నేనంతకు ముందు చదవలేదు. సిమెంటు కంపెనీలవి, ఇనుము కంపెనీలవి ఎంత రంగులు పూసినా, ఏదో ఒక పేజీలో పొగగొట్టం తొంగిచూస్తుంది. ఇందులో పొగగొట్టమే లేదు. తెల్లటి భవనం, దాని ముందు కలువల కొలను. లోపల తల నుంచి పాదాల దాకా తెల్లటి దుస్తులేసుకుని, కళ్లు మాత్రమే కనబడే మనుషులు, పసుపురంగు వెలుతురులో, నీళ్లలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు. దుమ్ము కణం ఒక్కటి పడితే చిప్పు పాడైపోతుందట. అందుకని అక్కడి గాలి ఆసుపత్రి ఆపరేషన్ గదిలో గాలి కంటే శుభ్రంగా ఉంటుందట. చిప్పులు కడగడానికి వాడే నీళ్లలో ఉప్పు రవ్వంతైనా లేకుండా తీసేస్తారట. ఇంత శుభ్రమైన చోటు నుంచి లోకానికి కీడు ఎలా వస్తుంది? మొదటి రోజు నాకు ఆ ప్రశ్న కూడా రాలేదు. ఆ ఫోటోలు చూస్తూ కూర్చున్నాను.

వాళ్లు ఫైలుతో పాటు ఒక సిలికాన్ బిళ్ల పంపారు. అన్నం తినే పళ్లెమంత, అద్దంలా మెరుస్తూ. దాని మీద వందల చిన్న గడులు. లైటు కింద అటూ ఇటూ తిప్పితే నెమలి ఈక రంగులు జారేవి. కాగితాలు చదవాల్సిన సమయంలో కొంత నేను ఆ రంగులకే ఇచ్చేశాను.

నా చదువు నాకు పనికి రావలసిన చోటు ఒకటుంది. ఆ బిళ్ల మీద వెంట్రుకలో వెయ్యో వంతు సన్నటి గీతలు చెక్కడానికి, చెక్కిన యంత్రాల కడుపులు శుభ్రం చెయ్యడానికి, ఫ్లోరిన్ కలిసిన గ్యాసులు వాడతారు. వాటికి రంగు లేదు, వాసన లేదు. పక్కన నిలబడినా తెలియదు. ఫ్లోరిన్ ఎవరినైనా పట్టుకుంటే వదలదని నేను క్లాసులో చెప్పేదాన్ని. ఆ పట్టు వల్లే ఈ గ్యాసులు ఆకాశంలోకి పోయాక ఎండకూ వానకూ విడిపోవు. కొన్ని వేల ఏళ్లు అక్కడే ఉండి భూమి వేడిని బయటికి పోనివ్వవు. బొగ్గుపులుసు వాయువు కంటే కొన్ని వేల రెట్లు గట్టివి. అందుకని యంత్రాల్లో వాడగా మిగిలిన గ్యాసును బయటికి వదలకుండా, బీరువా అంత ఉండే ఒక పెట్టెలో మంట పెట్టి కాల్చి, నీళ్లతో కడిగి వదులుతారు. ఆ పెట్టెను వాళ్లు స్క్రబ్బర్ అంటారు. కంపెనీ నివేదికలో, స్క్రబ్బర్లు ఏడాదంతా పనిచేశాయని, గ్యాసు దాదాపు మొత్తం కాలిపోయిందని రాసుంది.

మేం వేసేది మార్కులే. కరెంటుకిన్ని, నీళ్లకిన్ని, గ్యాసులకిన్ని, చెప్పినదానికి రుజువు చూపినందుకు ఇన్ని. వాళ్లు కరెంటులో కొంత ఎండ నుంచి తీసుకుంటున్నారు. నీళ్లలో సగానికి పైగా మళ్లీ వాడుతున్నారు. స్క్రబ్బర్ల దగ్గర నేను ఆగాను గానీ ఎక్కువసేపు ఆగలేదు. ప్రపంచమంతా వాడే సగటు లెక్క ఒకటుంది, యంత్రం పనిచేస్తే ఇంత గ్యాసు కాలుతుందని. అదే వాడారు. నేను టిక్కు పెట్టాను. మంచి మార్కులే వేసి సార్‌కు పంపాను. ఆయన డ్రాఫ్టుగా పెట్టుబడి సంస్థకు పంపేశాడు.

తర్వాతి ఆదివారం పొద్దున, ఇంటి వెనక అరుగు మీద కూర్చుని అత్తమ్మకు తలకు నూనె రాస్తున్నాను. ఆవిడ మా సందు చివరింటావిడ గురించి చెప్పుకొస్తోంది.

“సిలిండర్ మూడు నెలలొస్తదంట ఆమెకు. ఎంత జాగర్త జేస్తదో అని అందరికీ చెప్పుకుంటది. పొయ్యి ముట్టియ్యకుంటే రాదా మరి? దినాం బయట నుంచే తెప్పించుకుంటరు. నేను చూస్తలేనా?”

నా చెయ్యి ఆవిడ పాపిట్లోనే ఆగిపోయింది.

“మల్లొక్కసారి చెప్పు అత్తమ్మా.”

“ఏం చెప్పాలె? గ్యాస్ మిగిలిందంటే పొయ్యి ముట్టియ్యలేదన్నట్టు. దీనికి చదువు గావాల్నా?”

స్క్రబ్బరంటే పొయ్యే. దానికీ మంట కావాలి. మంటకు గ్యాసు కావాలి. ఫ్యాక్టరీ ఆ ఏడాది ఎక్కువ చిప్పులు చేసింది, ఎక్కువ ఫ్లోరిన్ గ్యాసు కొన్నది. అంటే పొయ్యి ఎక్కువసేపు వెలిగుండాలి. మరి పొయ్యి గ్యాసు ఎంత కొన్నారు? ఆ అంకె ఫైలులోనే ఎక్కడో ఉంది. నేను దాని మీదుగా వెళ్లాను, చూడలేదు. నూనె చేతులతోనే కాసేపు అలా కూర్చుండిపోయాను. దండెం మీద ఆరేసిన చీరలు మెల్లగా ఊగుతున్నాయి. ఎండ పలచగా, పాలలా ఉంది. లోపల ఏదో జారిపోతున్నట్టుంది కానీ భయంగా లేదు. నిద్రలో మెట్టు తప్పినప్పుడు, పడేలోపు ఓ క్షణం ఉంటుందే, అలా ఉంది.

సోమవారం పొద్దున ఆ కాగితం తీశాను. పొయ్యి గ్యాసు నెల నెలా ఎంత వాడారో వరసగా ఉంది. ఎండాకాలం దాకా ఒకే ఎత్తులో ఉన్న అంకెలు, వానలు మొదలైన నెలలో సగానికి సగం పడిపోయి, చలికాలం పోయేదాకా అలాగే ఉన్నాయి. ఆ నెలల్లోనే చిప్పులు మాత్రం అంతకు ముందు కంటే ఎక్కువ తయారయ్యాయి.

కంపెనీకి మర్యాదగా ఒక మెయిల్ రాశాను, స్క్రబ్బర్ల రోజువారీ లాగ్ బుక్కులు చూడాలని. జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నాకు ఆఫీసులో వేరే పని మీద మనసు నిలవలేదు. మా బిల్డింగు ఓనరు కింది అంతస్తులోనే ఉండేవాడు. సినిమాల్లో శబ్దం రికార్డు చేసిన ఇంజినీరు, డెబ్భై దాటినాయన, మద్రాసు నుంచి పరిశ్రమతో పాటే వచ్చినవాడు. మధ్యాహ్నం టీకి కిందికి దిగినప్పుడు ఒక రోజు నన్ను లోపలికి పిలిచి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాడు.

“ఏం వినబడుతోందమ్మా?”

“ఏం లేదండీ.”

“సరిగ్గా వినండి.”

విన్నాను. చాలాసేపటికి ఏదో ఉందనిపించింది. గాలి కాదు, మనిషి ఊపిరీ కాదు. ఒక పెద్ద గది తనంతట తాను ఉన్న చప్పుడు.

“ఒక కోట లోపల, అందర్నీ కదలొద్దని చెప్పి తీసిన నిమిషం. షూటింగ్ ఎక్కడ చేసినా ముందు అక్కడి నిశ్శబ్దాన్ని పట్టుకొచ్చేవాణ్ని. మాటల మధ్య ఖాళీల్లో అది పెట్టకపోతే జనం పట్టేస్తారు, ఇక్కడేదో అబద్ధముందని. ఏ రెండు చోట్ల నిశ్శబ్దమూ ఒకటి కాదమ్మా.”

ఆయన బీరువాలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. నది ఒడ్డు, రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం, పెళ్లయిపోయిన మండపం. ఆ మధ్యాహ్నం నేనవన్నీ ఒకటి తర్వాత ఒకటి వింటూ ఉండిపోయాను. పైకొచ్చేసరికి టీ టైము ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

చివరికి హెడ్డాఫీసు వాళ్లు జూబ్లీహిల్స్‌కు రమ్మన్నారు. అద్దాల భవనం, ఎనిమిదో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కొండ రాళ్లు, వాటి మధ్య ఇళ్లు, ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు, అన్నీ పొడి ఎండలో తేలుతున్నట్టున్నాయి. అక్కడ పర్యావరణ నివేదికలు చూసే అధికారి నాకంటే చిన్నదే. చక్కగా మాట్లాడే మనిషి, నాకు నచ్చింది.

“మేడమ్, సగటు లెక్క వాడొచ్చని రూల్స్‌లోనే ఉంది కదండీ. మేం కొత్తగా కనిపెట్టలేదు,” అంది.

“వాడొచ్చండీ. యంత్రం నడిచిన రోజులకే వాడాలి.”

“నడిచాయనే కదా మాకు రిపోర్ట్ వచ్చింది.”

“ఆ రిపోర్ట్ ఇచ్చినవారు లాగ్ బుక్ చూసి ఇచ్చారా?”

ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది. అబద్ధం చెప్పే మనిషి అలా ఆగదు. ఆమె కూడా నాలాగే టిక్కు పెట్టిందని నాకప్పుడు అర్థమైంది. “ఫ్యాక్టరీలో ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ ఉంటారు. ఆయనే మీతో డైరెక్ట్‌గా మాట్లాడతారు. నేను చెప్తాను,” అంది.

ఆయన ఫోన్ చెయ్యలేదు. ఒక శనివారం పొద్దున స్వయంగా వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. ఆ తివాచీ మీద చెప్పులతో అడుగుపెట్టొచ్చో లేదోనని తలుపు దగ్గరే ఆగాడు.

“నమస్కారమండి. హెడ్డాఫీసు మేడమ్ గారు చెప్పారండి మీతో మాట్లాడమని. మా చెల్లెలి కూతురి పెళ్లండి, శ్రీనగర్ కాలనీ దగ్గర చర్చిలో. ఎలాగూ వస్తున్నాను కదా, ఫోన్లో ఎందుకని.”

గుంటూరు వైపు మాట. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. నీళ్లిచ్చాను. తాగి, సంచిలోంచి గోధుమరంగు అట్టలున్న మూడు లాగ్ బుక్కులు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇవి చూపించడానికి మీకు అనుమతుందాండీ?” అని అడిగాను.

“ఉందండి. మెయిల్ కూడా ఉంది. చూపించొద్దని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదండి.” కాస్త ఆగి, “చూపించమని కూడా ఎవరూ అడగలేదు,” అన్నాడు.

పేజీలు తిప్పాను. గుండ్రటి దస్తూరీ, నీలం సిరా. రోజుకో వరస. వానలు మొదలైన వారం నుంచి ఒకే మాట కిందికి కిందికి దిగుతోంది. మూడో స్క్రబ్బర్ ఆగింది. నాలుగోది ఆగింది. బైపాస్ తెరిచాం. బైపాస్ తెరిచే ఉంది. తెరిచే ఉంది. తెరిచే ఉంది. ప్రతి వరసకూ చివర సంతకం.

“బైపాస్ అంటే?” తెలిసినా అడిగాను, ఆయన నోటితో వినాలని.

“స్క్రబ్బర్‌లోకి పోకుండా గ్యాసు నేరుగా పైకి పోయే దారండి. లోపల నీళ్లు కారి మంట పెట్టే భాగం తుప్పు పట్టింది. కొత్తది బయటి దేశం నుంచి రావాలి. వారంలో వస్తుందన్నారు. లైన్ ఆపుదామా అన్నాను. ఆర్డర్లున్నాయి, వారమే కదా అన్నారు. వారం నెలయింది. నెల...” చేత్తో పుస్తకం వైపు చూపించాడు.

“మీరు పైకి రాశారా?”

“ఫ్యాక్టరీ పెద్దలకు నెల నెలా పంపానండి. అందిందని జవాబొచ్చేది.”

చివరి పేజీ దాకా తిప్పి పుస్తకం మూశాను. ఆ గదిలో మాట్లాడకపోతే మన రక్తం మనకు వినబడుతుంది.

“వాల్వు తిప్పింది నేనేనండి,” అన్నాడు. “వేరేవాళ్లతో తిప్పించొచ్చు. ఎందుకో నేనే తిప్పాను. తిప్పి మేడ మీదికెళ్లి గొట్టం కింద నిలబడి పైకి చూశాను. ఏమీ లేదండి. పొగుంటే బాగుండుననిపించింది. ఆకాశం నీలంగా, ఎప్పట్లాగే. ఒక గద్ద తిరుగుతోంది, ఆ గొట్టం మీదుగానే. దానికీ ఏం తెలియలేదు. ఆ తర్వాత చాలా రోజులు, భోజనం చేశాక మేడ మీదికెళ్లి చూసేవాణ్ని. అలా చూస్తుంటే నాకే అనుమానం వచ్చేదండి, అసలు ఏమైనా పోతోందా, నేనూరికే పుస్తకంలో రాస్తున్నానా అని.”

నాకు నా మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి, ఆ నివేదికలోని కొలను ఫోటో ముందు కూర్చున్నవి. ఆయన కనీసం రాశాడు.

“నాకేమైనా అవుతుందాండి దీనివల్ల?” అని లేచేటప్పుడు అడిగాడు.

“తెలియదండీ,” అన్నాను. ధైర్యం చెప్పాలనిపించింది. కానీ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. “మీరు రాసింది రాసినట్టు చూపించారు. నేను అదే రాస్తాను.”

తలూపాడు. పెళ్లికి రమ్మని పిలిచి, శుభలేఖ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లలేదు నేను.

ఆ రోజే సార్ గదిలోకి వెళ్లాను. ఆయన గది ఒకప్పుడు నటులు తమ బొమ్మ చూసుకుంటూ మాట చెప్పే చోటట. మూడు పుస్తకాల ఫోటోలు, పొయ్యి గ్యాసు కాగితం ఎదురుగా పెట్టి జరిగింది చెప్పాను.

“మేడమ్, డ్రాఫ్ట్ పోయింది కదా వాళ్లకు.”

“పోయింది.”

“మీ మార్కులు చూసి వాళ్లు ఆల్మోస్ట్ ఓకే అన్నరు. ఇప్పుడు మల్ల కాదంటే, మనం ముందుగాల ఏం చూసినట్టు? పొయ్యి గ్యాస్ షీట్ ఫైల్లనే ఉండె కదా. మీరెందుకు చూడలే?”

గొంతు పెంచలేదు. అందుకే ఆ ప్రశ్న ఇంకా లోతుకు పోయింది. చెప్పడానికి చాలా ఉన్నాయి, రూల్స్ ఒప్పుకుంటాయని, అందరూ అలాగే చేస్తారని.

“చూడాల్సింది. చూడలేదు,” అన్నాను. “తప్పు నాది. ఇప్పుడు మార్చకపోతే మాత్రం తప్పు నీదవుతుంది.”

నోరు జారిందని ‘నీది’ అన్నాకే తెలిసింది. పని చేసిన మూడేళ్లలో ఆయన్ని నేను ఎప్పుడూ నువ్వనలేదు. ఆయన తలెత్తి చూశాడు. కోపం కాదు. ఎక్కడో చాలా దూరం పోయి వస్తున్నట్టు చూశాడు.

“ఒకసారి మీరు బోర్డు మీద ఈక్వేషన్ తప్పు రాసిండ్రు, ఇంటర్ ఫస్టియర్ల,” అన్నాడు. “మాకెవ్వరికీ తెల్వలే. తెల్లారి వచ్చి, నిన్న నేను తప్పు చెప్పిన, దిద్దుకోండి అన్నరు. మేమందరం నవ్వినం మేడమ్. లాస్ట్ బెంచిల నేను గట్టిగ నవ్విన.”

నాకది కూడా గుర్తులేదు. అయినా ఈసారి గుర్తున్నట్టు నటించలేదు.

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. “రాయండి. మన తప్పు ముందు రాయండి, వాళ్లది తర్వాత.”

ఇద్దరం కలిసి రాశాం. మొదటి పేరాలో మేమేం చూడకుండా పోయామో. రెండో పేరాలో లాగ్ బుక్కుల్లో ఏముందో. ఆ నెలల్లో గాలిలోకి పోయిన గ్యాసు లెక్క కడితే, కంపెనీ ఎండ కరెంటుతో ఆదా చేశామన్నదంతా అందులో మునిగిపోయింది. గ్యాసుల మార్కులు అట్టడుక్కు పోయాయి. రుజువుకు మాత్రం కొన్ని ఉంచాను. పుస్తకాలు ఉన్నాయి, అడిగితే చూపించారు. హెడ్డాఫీసు అమ్మాయి అడ్డుపడలేదు. అవి కూడా తీసెయ్యాలా అని సార్ అడిగితే వద్దన్నాను. బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. కొండ మీది రాళ్లు తేనె రంగులో ఉన్నాయి. ఎక్కడో ఎవరో ఒకే పాట చరణాన్ని మళ్లీ మళ్లీ పాడిస్తున్నారు, మొదలవుతోంది, ఆగుతోంది, మొదలవుతోంది. నాకు విపరీతంగా ఆకలేసింది.

తర్వాత జరిగినవి ఒక్కసారిగా జరగలేదు. పెట్టుబడి సంస్థ వెంటనే వెనక్కి తగ్గింది. కంపెనీ పెద్దలొకరు సార్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. తలుపు మూసుంటే ఆ గదిలో మాట బయటికి రాదు కాబట్టి ఏమన్నారో మాకు తెలియదు. తర్వాతి ఏడాది వాళ్లు వేరే సంస్థ దగ్గరికి వెళ్లారు. మాకు రెండు పెద్ద పనులు రాకుండా పోయాయి. అందుకు ఇదే కారణమో కాదో చెప్పలేను. సార్ కూడా ఆ మాట ఎత్తలేదు. నాకు జీతం పెరగలేదు, ఉద్యోగమూ పోలేదు.

కంపెనీ కొత్త నివేదిక వచ్చినప్పుడు నా పని కాకపోయినా తెప్పించుకుని చదివాను. ఈసారి ఫోటోలు తిప్పేసి అంకెల పేజీలకు వెళ్లాను. ఒకచోట, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, గత ఏడాది గ్యాసుల అంకెను సవరించామని, కొన్ని నెలలు స్క్రబ్బర్లు పనిచెయ్యలేదని రాసుంది. ఆ రెండు వాక్యాలు అక్కడికి రావడానికి ఎనిమిదో అంతస్తులో ఆ అమ్మాయి ఎన్ని గదుల తలుపులు తట్టిందో నేనూహించగలను. ఆమెకు ఫోన్ చేసి చదివానని చెప్పాను. “చూశారా?” అంది, అంతే. ఆ గొంతులో అలసట ఉంది, కొంచెం సంతోషం కూడా ఉంది.

ఫ్యాక్టరీ ఆఫీసర్ ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. స్క్రబ్బర్లు కొత్తవి వచ్చాయట. బైపాస్ వాల్వుకు తాళం వేశారట, తియ్యాలంటే ఇద్దరు పెద్దల సంతకాలుండాలట. ఆయన్ని మాత్రం ఆ విభాగం నుంచి తీసి, కొత్తగా చేరేవాళ్లకు భద్రతా పాఠాలు చెప్పే పనిలో వేశారట. అది శిక్షో గౌరవమో ఆయనకే తేలలేదు. “నాకు బాగానే ఉందండి. జీతం అంతే. పిల్లలకు చెప్పడం బాగుంటుంది,” అన్నాడు.

కాసేపు పెళ్లివారి కబుర్లు చెప్పాడు. తర్వాత గొంతు కొంచెం తగ్గించి అడిగాడు.

“మేడమ్ గారూ, ఆ నెలల్లో నేను వదిలింది, ఇప్పుడెక్కడుందంటారండి?”

నేను ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. పైన మబ్బు ముక్క ఒక్కటీ లేదు.

“అంతటా ఉంటుందండీ. గాలి కలిపేస్తుంది కదా. మీ ఊరి మీద, మా ఊరి మీద, సముద్రం మీద.”

“తిరిగి పట్టుకోలేమాండి?”

“లేమండీ.”

“మన మనవలు, వాళ్ల మనవలు పోయాక కూడా?”

“ఆ తర్వాత కూడా.”

ఫోన్‌లో అటువైపు ఫ్యాక్టరీ హోరు సన్నగా, వానలా వినబడుతోంది. నేనూ పెట్టెయ్యలేదు. చివరికి ఆయనే, వాళ్ల చిన్నమ్మాయి ఈ ఏడాదే ఇంటర్‌లో చేరిందని, కెమిస్ట్రీ అంటే భయపడుతోందని, సందేహాలుంటే నాకు ఫోన్ చెయ్యమనొచ్చా అని అడిగాడు.

చెయ్యమనండి అన్నాను. ఆ పిల్ల ఆదివారం పొద్దుటిపూట చేస్తుంది. పోయిన వారం మోల్ అంటే ఏమిటో అర్థం కాలేదంది. పప్పు గింజలతో మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. ఇంకా పూర్తిగా అర్థం కాలేదట. ఈ ఆదివారం మళ్లీ చెప్పాలి.